క్రేఫిష్‌లు అక్కడే ఎందుకున్నాయి?

వరిపొలం గట్టున బొరియ తవ్వుకునే ఎండ్రకాయ, చెరువులో దొరికే రొయ్య మనకు బాగా తెలిసిన జీవులు. ఈ రెండింటికీ చుట్టమైన మరో మంచినీటి జీవి ఉంది. ముందు ఎండ్రకాయకున్నట్టే రెండు బలమైన పట్టుకారు కాళ్లు, వెనుక రొయ్యకున్నట్టే కణుపులు కణుపులుగా ఉండే తోక దానికి ఉంటాయి. దాని పేరు క్రేఫిష్. పేరులో ‘ఫిష్’ ఉన్నా అది చేప కాదు. పది కాళ్లున్న పెంకు జీవి. సముద్రంలో ఉండే లాబ్‌స్టర్‌కు దగ్గరి బంధువు.

ఈ జీవి కోసం మన నదుల్లో వెతికితే దొరకదు. గోదావరి, గంగ, కావేరి, ఏ నదికీ అది స్థానిక జీవి కాదు. కాని ఇంగ్లాండ్‌లోని చిన్న వాగులో ఉంది, టాస్మేనియా అడవి ఏటిలో ఉంది, జపాన్ ఉత్తర కొసన ఉంది. మడగాస్కర్ ద్వీపంలో ఉంది. ఆ ద్వీపానికి ఎదురుగా ఉన్న ఆఫ్రికా ఖండంలో మాత్రం స్థానిక క్రేఫిష్ ఒక్కటీ లేదు. ఎందుకీ తేడా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే ఖండాల పుట్టుక దాకా వెళ్లాల్సి వస్తుంది. అంతేకాదు, ఒక వాగులో క్రేఫిష్ నశిస్తే అది తనంతట తానుగా ఎందుకు తిరిగి రాలేదో కూడా ఆ జవాబులోనే ఉంది.

ప్రపంచ పటంలో క్రేఫిష్

శాస్త్రజ్ఞులు ఇప్పటివరకు గుర్తించిన క్రేఫిష్ జాతులు సుమారు 700. వీటిలో 400కు పైగా ఉత్తర అమెరికాలోనే ఉన్నాయి. వాటిలోనూ ఎక్కువ భాగం అమెరికా సంయుక్త రాష్ట్రాల ఆగ్నేయ ప్రాంతానివి. రెండో స్థానం ఆస్ట్రేలియాది. అక్కడ సుమారు 150 జాతులున్నాయి. యూరప్‌లోని స్థానిక జాతులను వేళ్ల మీద లెక్కించవచ్చు. తూర్పు ఆసియాలో కొరియా, ఈశాన్య చైనా, రష్యా తూర్పు కొస, జపాన్ ఉత్తర ప్రాంతాలలో ఒకే ప్రజాతికి చెందిన కొద్ది జాతులు మాత్రమే కనిపిస్తాయి. దక్షిణార్ధగోళంలో ఆస్ట్రేలియాతో పాటు న్యూగినీ, న్యూజిలాండ్, మడగాస్కర్, దక్షిణ అమెరికా దక్షిణ భాగాలు క్రేఫిష్‌ల నెలవులు. న్యూజిలాండ్‌లో రెండు జాతులు, మడగాస్కర్‌లో ఏడు జాతులు ఉన్నాయి.

ఈ పటాన్ని కొంచెం శ్రద్ధగా చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. క్రేఫిష్‌లు భూమధ్యరేఖకు ఉత్తరాన ఒక గుంపుగా, దక్షిణాన మరో గుంపుగా ఉన్నాయి. మధ్యలో ఉన్న ఉష్ణమండలంలో చాలా భాగం ఖాళీ. ఉత్తరాది, దక్షిణాది క్రేఫిష్‌లకు శరీర నిర్మాణంలో కూడా తేడా ఉంది. ఉత్తరాది మగ క్రేఫిష్‌లకు తోక అడుగున మొదటి జత ఉపాంగాలు వీర్యాన్ని అందించడానికి అనువుగా మారి ఉంటాయి. దక్షిణాది వాటికి ఆ జతే ఉండదు.

ఈ సంగతిని చాలా కాలం క్రితమే గమనించినవాడు టి.హెచ్. హక్స్‌లీ. డార్విన్ సిద్ధాంతానికి అండగా నిలిచిన ఈ ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు 1880లో కేవలం క్రేఫిష్‌ను ఆధారం చేసుకుని జంతుశాస్త్రానికి ఒక పరిచయ గ్రంథం రాశాడు. ఒక్క జీవిని పూర్తిగా తెలుసుకుంటే జీవశాస్త్రమంతటికీ దారి దొరుకుతుందని ఆయన ఉద్దేశం. క్రేఫిష్‌లు లేని చోట్ల మంచినీటి ఎండ్రకాయలు, పెద్ద రొయ్యలు ఉన్నాయని కూడా ఆయన ఎత్తి చూపాడు. ఖండాలు కదులుతాయన్న ఊహ అప్పటికి ఇంకా శాస్త్రంలోకి రాలేదు. అది వచ్చాకే ఈ పటానికి అర్థం తెలిసింది.

సముద్రం దాటలేని పిల్లలు

క్రేఫిష్‌ల విస్తరణకు మూలసూత్రం వాటి సంతానోత్పత్తిలో ఉంది. దీన్ని మనకు తెలిసిన నీలకంఠ రొయ్యతో పోల్చి చూద్దాం. నీలకంఠ రొయ్య పెరిగేది నదిలోనే అయినా, దాని గుడ్ల నుంచి వెలువడే డింభకాలు ఉప్పు కలిసిన నీటిలోనే బతుకుతాయి. అందుకే తల్లి రొయ్య నదీ ముఖద్వారం వైపు దిగి వస్తుంది. పదుల వేల సంఖ్యలో పుట్టే ఆ డింభకాలు అలలతో కొట్టుకుపోయి, కొంత పెరిగాక మళ్లీ నదుల్లోకి ఎదురెక్కుతాయి. ఇలాంటి జీవి ఒక నది నుంచి మరో నదికి తీరం వెంబడి చేరుకోవడం కష్టం కాదు.

క్రేఫిష్ పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. దానికి ఈదుకుంటూ తిరిగే డింభక దశ లేదు. తల్లి గుడ్లను తోక అడుగున ఉన్న ఉపాంగాలకు అంటించుకుని మోస్తుంది. బ్రిటన్‌కు స్థానికమైన తెల్లకాళ్ల క్రేఫిష్ గుడ్లు సాధారణంగా వంద లోపే. శరత్కాలం చివర పెట్టిన గుడ్లను మరుసటి వేసవి మొదలయ్యే దాకా తల్లి మోస్తూనే ఉంటుంది. పొదిగిన తర్వాత కూడా పిల్లలు తల్లిని వదలవు. రెండు మూడుసార్లు కుబుసం విడిచి, చిన్న క్రేఫిష్‌ల రూపం వచ్చాకే దిగిపోతాయి. అలా దిగిన పిల్ల తల్లి ఉన్న వాగులోనే, తల్లికి కొద్ది దూరంలో తన బతుకు మొదలుపెడుతుంది.

కాబట్టి క్రేఫిష్‌కు సముద్రం దాటే మార్గం లేదు. చాలా జాతులకు పక్క నదికి పోవడం కూడా సులభం కాదు. మరి ఇన్ని ఖండాలకు ఎలా చేరాయి? అవి ఖండాలకు చేరలేదు. ఖండాలే వాటిని మోసుకుని విడిపోయాయి. ఒకప్పుడు భూమి మీది నేలంతా ఒకే మహాఖండం. సుమారు 20 కోట్ల ఏళ్ల క్రితం నుంచి అది చీలడం మొదలై, ఉత్తరాన లారేషియా, దక్షిణాన గోండ్వానా అనే రెండు భాగాలయింది. ఉత్తర ముక్కలో మిగిలినవి ఉత్తరాది క్రేఫిష్‌లయ్యాయి, దక్షిణ ముక్కలో మిగిలినవి దక్షిణాది క్రేఫిష్‌లయ్యాయి. గోండ్వానా మళ్లీ ముక్కలైనప్పుడు ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, మడగాస్కర్, దక్షిణ అమెరికాలు తమ తమ వాటాతో విడిపోయాయి. ఆస్ట్రేలియాలో విక్టోరియా తీరపు శిలల్లో 10 కోట్ల ఏళ్లకు పైబడిన క్రేఫిష్ శిలాజాలు, బొరియల గుర్తులు దొరికినట్లు 2008లో ప్రకటించారు. ఆస్ట్రేలియా అంటార్కిటికాతో కలిసి ఉన్న కాలం నాటివి అవి.

మరి మనకెందుకు లేవు?

గోండ్వానా అనే పేరే మన దేశం నుంచి వెళ్లింది. ఆదిలాబాద్ నుంచి మధ్య భారతం దాకా నివసించే గోండుల సీమ పేరునే భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ మహాఖండానికి పెట్టారు. భారత భూభాగం ఆ ఖండంలో భాగమే. సుమారు 9 కోట్ల ఏళ్ల క్రితం దాకా మడగాస్కర్‌తో అంటుకునే ఉంది. మడగాస్కర్‌లో క్రేఫిష్‌లుండి మన దగ్గర లేకపోవడం అందుకే వింతగా తోస్తుంది.

దీనికి వివరణలు రెండు వైపుల నుంచి వచ్చాయి. మడగాస్కర్ నుంచి విడిపోయిన భారత భూభాగం ఉత్తరానికి జరుగుతూ భూమధ్యరేఖను దాటింది. ఆ ప్రయాణంలోనే, సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం, దక్కన్ పీఠభూమి మీద లావా పొరలు పొరలుగా ప్రవహించింది. చల్లని నీటిని ఇష్టపడే జీవులకు ఆ వేడీ, ఆ అగ్నిపర్వతాలూ గడ్డుకాలమే అనేది ఒక వివరణ. రెండోది పోటీకి సంబంధించినది. ఉష్ణమండలపు వాగుల్లో క్రేఫిష్ చేసే పనినంతా మంచినీటి ఎండ్రకాయ చేస్తోంది. రాళ్ల కింద దాగడం, బొరియలు తవ్వడం, కుళ్లిన ఆకులు తినడం రెండింటికీ సమానమే. ఒకరున్న చోట మరొకరికి చోటు తక్కువ. అయితే ఇది సంపూర్ణ నియమం కాదు. మడగాస్కర్‌లోనూ, న్యూగినీలోనూ రెండు రకాల జీవులూ ఉన్నాయి. కనుక వేడి, పోటీ, చరిత్ర ఈ మూడూ కలిసి పటాన్ని గీశాయని అనుకోవడమే సబబు.

నీళ్లుంటే చాలదు

ఒక దేశంలో క్రేఫిష్‌లు ఉన్నంత మాత్రాన ప్రతి నీటిలోనూ ఉంటాయనుకోకూడదు. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క రకం ఆవాసం కావాలి. ముందుగా దాదాపు అన్నింటికీ కావలసినవి చూద్దాం.

మొదటిది కాల్షియం. క్రేఫిష్ పెరగాలంటే పాత పెంకును విడిచి కొత్తది కట్టుకోవాలి. పెంకు గట్టిపడటానికి కాల్షియం కావాలి. కుబుసం విడిచే ముందు క్రేఫిష్ కొంత కాల్షియాన్ని తన జీర్ణాశయంలో రెండు గుండ్రని బిళ్లలుగా దాచుకుంటుంది. ఒకప్పుడు యూరప్‌లో ఈ బిళ్లలను మందుగా కూడా వాడారు. కాని దాచుకున్నది చాలదు. మిగతాది నీటి నుంచి తీసుకోవాలి. తెల్లకాళ్ల క్రేఫిష్ లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న నీటినే ఎంచుకుంటుంది. అందుకే అది సున్నపురాయి నేలల మీదుగా పారే వాగుల్లో ఎక్కువ. నీరు ఆమ్లంగా మారితే దానికి ముప్పే.

రెండోది నీటిలో కరిగిన ఆక్సిజన్. పారే నీరు, చల్లని నీరు ఎక్కువ ఆక్సిజన్‌ను పట్టి ఉంచుతాయి. మూడోది దాక్కునే చోటు. కుబుసం విడిచిన కొద్ది రోజులు క్రేఫిష్ ఒళ్లు మెత్తగా ఉంటుంది. ఆ సమయంలో చేపలకు, నీటికుక్కలకు, చివరికి తోటి క్రేఫిష్‌లకు కూడా అది ఆహారమే. రాళ్ల సందులు, ఒడ్డున చెట్ల వేళ్లు, మునిగిన దుంగలు దానికి కోటగోడలు. వాగు అడుగున ఒండ్రు పేరుకుంటే ఈ సందులన్నీ పూడిపోతాయి. నీరు కంటికి బాగానే ఉన్నట్టు కనిపించినా క్రేఫిష్‌కు ఇల్లు పోయినట్టే.

ఈ అవసరాలన్నీ ఒకేచోట ఎలా కుదురుతాయో టాస్మేనియాలోని భారీ క్రేఫిష్‌ను చూస్తే తెలుస్తుంది. ప్రపంచంలోని మంచినీటి అకశేరుకాలలో ఇదే అతి పెద్దది. గతంలో 6 కిలోల బరువున్నవి కూడా దొరికాయి. టాస్మేనియా ద్వీపపు ఉత్తర భాగంలో, ఎక్కువగా బాస్ జలసంధి వైపు పారే నదులే దీని స్వస్థలం. అడవి నీడలో చల్లగా, తేటగా ఉండే నీరు దీనికి కావాలి. పిల్లలు వేగంగా పారే చిన్న కాలువల్లో రాళ్ల కింద ఉంటాయి. పెద్దవి దుంగలు పడి ఉన్న లోతైన మడుగుల్లో ఉంటాయి. నీటిలో కుళ్లే కర్ర వీటికి ముఖ్యమైన ఆహారం. అంటే ఒడ్డున చెట్లు నరికితే నీడా పోతుంది, తిండీ పోతుంది, మట్టి కొట్టుకొచ్చి ఇల్లూ పోతుంది. ఈ జాతి ఆడది సుమారు 14 ఏళ్ల వయసు వచ్చాకే మొదటిసారి గుడ్లు పెడుతుంది. ఆ తర్వాత కూడా రెండేళ్లకొకసారే. పట్టినంత వేగంగా పుట్టే జీవి కాదు గనుక 1998లో దీని వేటను నిషేధించారు.

వాగునే వదిలేసిన క్రేఫిష్‌లూ ఉన్నాయి. టాస్మేనియా, విక్టోరియాలలో ఇంజియస్ అనే ప్రజాతి జాతులు తడినేలలో బొరియలు తవ్వుకుని ఉంటాయి. వీటి బొరియలను మూడు రకాలుగా విభజించారు. మొదటి రకం వాగుకో చెరువుకో కలిసి ఉంటుంది. రెండో రకం భూగర్భ జలం దాకా దిగుతుంది. మూడో రకానికి ఈ రెండింటితోనూ సంబంధం లేదు. వాలు మీద పారి వచ్చే వాన నీరే ఆధారం. బొరియలో గాలి తేమగా ఉంటే చాలు, మొప్పలు తడి ఆరకుండా రోజులు గడుపుతాయి. తవ్విన మట్టిని ఉండలు చేసి బొరియ నోటి చుట్టూ చిన్న గొట్టంలా పేరుస్తాయి. మన పొలం ఎండ్రకాయల బొరియల దగ్గర మట్టి కుప్పలు చూసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు.

ఇక యూస్టాకస్ ప్రజాతి కథ మరొక తీరు. తూర్పు ఆస్ట్రేలియా పర్వతాలలో ఈ ప్రజాతి జాతులు 50కి పైగా ఉన్నాయి. ఖండం తడిగా, చల్లగా ఉన్న కాలంలో వీటి పూర్వీకులు విశాలంగా వ్యాపించి ఉండేవి. నేల ఎండిపోతూ వచ్చిన కొద్దీ అవి చల్లని వాగులను వెతుక్కుంటూ పైకి వెళ్లాయి. నేడు ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో కొన్ని జాతులు ఒకటి రెండు కొండల శిఖరాలకే పరిమితం. వాతావరణం ఇంకా వేడెక్కితే అవి ఎక్కడానికి పైన మరో కొండ లేదు. 2019-20లో తూర్పు ఆస్ట్రేలియాను కాల్చిన కార్చిచ్చులు వీటి ఆవాసాలను కూడా తాకాయి.

పరాయి క్రేఫిష్‌తో వచ్చిన తెగులు

కోట్ల ఏళ్లు వేరువేరుగా బతికిన జీవులను మనిషి ఒకచోట చేర్చితే ఏమవుతుందో యూరప్ చూసింది. 1859లో ఉత్తర ఇటలీలో క్రేఫిష్‌లు కుప్పలుగా చచ్చి తేలాయి. అక్కడి నుంచి ఆ తెగులు దేశదేశాలకు పాకింది. 1893లో ఫిన్లాండ్‌కు, 1907లో స్వీడన్‌కు చేరింది. దీనికి కారణం అఫనోమైసిస్ అస్టాసి అనే, బూజును పోలిన సూక్ష్మజీవి. దీని పుట్టిల్లు ఉత్తర అమెరికా. అక్కడి క్రేఫిష్‌లు దానితో చాలా కాలంగా కలిసి బతికాయి గనుక, పెంకులోకి చొరబడిన బూజును నల్లటి మెలనిన్ పూతతో అక్కడే బంధించేస్తాయి. జబ్బు పడవు, కాని జబ్బును మోస్తాయి. యూరప్ క్రేఫిష్‌లకు ఆ అలవాటు లేదు. బూజు సోకితే కొద్ది వారాల్లోనే వాగు వాగంతా ఖాళీ అవుతుంది.

విచిత్రమేమిటంటే, ఆ నష్టాన్ని పూడ్చడానికి చేసిన ప్రయత్నమే నష్టాన్ని పెంచింది. ఆగస్టులో క్రేఫిష్ విందులు చేసుకోవడం స్వీడన్ వారి ఆచారం. తమ క్రేఫిష్‌లు తగ్గిపోవడంతో 1960 ప్రాంతంలో కాలిఫోర్నియా నుంచి సిగ్నల్ క్రేఫిష్‌ను తెచ్చి వదిలారు. అది తెగులుకు తట్టుకుంది. తెగులును మోసుకొచ్చింది కూడా. 1976లో పెంపకం కోసం అదే జాతి ఇంగ్లాండ్‌కు వచ్చింది. 1981లో అక్కడ తెగులు బయటపడింది. తెల్లకాళ్ల క్రేఫిష్ కన్నా సిగ్నల్ క్రేఫిష్ పెద్దది, వేగంగా పెరుగుతుంది, ఎక్కువ గుడ్లు పెడుతుంది. తెగులు తగలని చోట కూడా స్థానిక క్రేఫిష్‌ను దాక్కునే చోట్ల నుంచి తరిమేస్తుంది. ఒడ్లలో బొరియలు తవ్వి గట్లను కూల్చి, నీటిలో మట్టిని పెంచుతుంది. తెల్లకాళ్ల క్రేఫిష్‌ను 2010లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది.

తెగులు పాకడానికి క్రేఫిష్ కూడా అక్కర్లేదు. తడి వలలో, బూటులో, పడవ అడుగున బూజు బీజాలు ప్రయాణిస్తాయి. ఐర్లాండ్‌లో సిగ్నల్ క్రేఫిష్‌లు స్థిరపడకపోయినా 2015 నుంచి ఒక నది తర్వాత ఒక నదిలో తెగులు కనిపించింది. అందుకే జాలరులకు, పడవలు నడిపేవారికి అధికారులు ఒకే మాట చెబుతున్నారు: పనిముట్లను చూడండి, కడగండి, బాగా ఆరబెట్టండి. ఎండిన చోట ఆ బీజాలు బతకవు. మరోవైపు, నదులతో కలవని పాత సున్నపురాయి గనుల మడుగుల్లోకి, ఒంటరి వాగు మొదళ్లలోకి స్థానిక క్రేఫిష్‌లను తరలించి కాపాడుతున్నారు. ఒకప్పుడు పక్క నదికి కూడా పోలేకపోవడం ఈ జీవికి పెద్ద లోటు. ఇప్పుడు ఆ ఒంటరితనమే దానికి రక్ష.

మడగాస్కర్‌కు వచ్చిన ముప్పు మరో రకం. 1990ల మధ్యలో జర్మనీ అక్వేరియంలలో చారల క్రేఫిష్ ఒకటి బయటపడింది. అందులో మగవి లేవు. ఒక్క ఆడది మగదాని అవసరం లేకుండా గుడ్లు పెడుతుంది. పిల్లలన్నీ తల్లికి అచ్చు నకళ్లే. ఒక్కటి తప్పించుకున్నా ఒక సంతతికి సరిపోతుంది. 2000 తర్వాతి దశకంలో అది మడగాస్కర్‌కు చేరి, పొలాల కాలువల్లో విపరీతంగా పెరిగింది. కోట్ల ఏళ్లుగా తూర్పు కొండ వాగుల్లో నెమ్మదిగా పెరిగే అక్కడి స్థానిక జాతులకు ఇంత వేగంగా పెరిగే పోటీదారు ఎప్పుడూ ఎదురుకాలేదు.

మనకు దీనితో ఏం పని?

2015లో ప్రచురితమైన ఒక సమీక్షలో 590 క్రేఫిష్ జాతులను పరిశీలించగా, దాదాపు మూడింట ఒక వంతు అంతరించే ముప్పులో ఉన్నట్లు తేలింది. మన దగ్గర క్రేఫిష్‌లు లేవు గనుక ఈ లెక్క మనది కాదనుకోవచ్చు. కాని మన వాగుల్లోని మంచినీటి ఎండ్రకాయలు అచ్చంగా అదే పద్ధతిలో బతుకుతున్నాయి. వాటికీ ఈదే డింభకాలు లేవు. తల్లి ఎండ్రకాయ కడుపు మడత తెరిస్తే చిన్న చిన్న పిల్ల ఎండ్రకాయలు బిలబిలమంటూ కనిపించడం పల్లెల్లో చాలామంది చూసినదే. మన దేశంలో మంచినీటి ఎండ్రకాయల జాతులు వందకు పైగా ఉన్నాయి. వాటిలో అనేకం ఏవో కొన్ని కొండలకే పరిమితం. వాటి వాగు పాడైతే వాటికీ వేరే చోటు లేదు.

పరాయి జీవుల సంగతి కూడా మనకు తెలియనిది కాదు. అక్వేరియం అద్దాలు శుభ్రం చేస్తుందని తెచ్చిన సక్కర్ చేప నేడు మన చెరువుల్లో, నదుల్లో జాలరుల వలలు చింపుతోంది. 1994లో తెల్లమచ్చల వైరస్ వచ్చినప్పుడు కోస్తా రొయ్యల చెరువులు ఎలా ఖాళీ అయ్యాయో రైతులు మరచిపోలేదు. ఆ వైరస్ క్రేఫిష్‌లకు కూడా సోకుతుంది. ఇప్పుడు అక్వేరియం వ్యాపారంలో రంగురంగుల క్రేఫిష్‌లు మన దేశానికీ వచ్చాయి. చాలాచోట్ల వాటిని ‘లాబ్‌స్టర్’ అనే పేరుతో అమ్ముతున్నారు. ముచ్చటపడి పెంచుకున్నవారు విసుగుపుట్టాక వాటిని కాలువలో గాని చెరువులో గాని వదలకుండా ఉంటే చాలు, మన ఎండ్రకాయలకు అంతకన్నా పెద్ద మేలు లేదు. ఖండాలు విడిపోయి కోట్ల ఏళ్లలో వేరుచేసిన జీవులను ఒక ప్లాస్టిక్ సంచీ ఒక్క పూటలో కలిపేయగలదు. వాటిని మళ్లీ వేరుచేసే ఉపాయం మాత్రం ఇంతవరకు ఏ దేశానికీ పూర్తిగా చిక్కలేదు.